పశువైద్యశాలలో శిక్షణ విద్యార్థి: పని మీద మనసు నిలపడం

పశువైద్య నర్సు అనే పేరుతో భారతదేశంలో వేరే ఉద్యోగం లేదు. బ్రిటన్‌లో 1961లో మొదలైన ఆ శిక్షణ ఇప్పుడు రిజిస్ట్రేషన్ ఉన్న వృత్తిగా నిలదొక్కుకుంది. పశువును పట్టి నిలపడం, జ్వరం చూడడం, గాయం కడిగి కట్టు కట్టడం, సూదిమందు సిద్ధం చేయడం, ఆపరేషన్ దగ్గర డాక్టరుకు చేయి అందించడం అక్కడి నర్సు పనులు. ఆంధ్రప్రదేశ్‌లో ఇవన్నీ పశుసంవర్ధక డిప్లొమా చేసినవాళ్ల చేతి మీదుగా జరుగుతాయి. వీటికి తోడు ఎద సూదులు (కృత్రిమ గర్భధారణ), టీకాలు, నట్టల మందు తాగించడం కూడా వాళ్ల మీదే పడతాయి. పదో తరగతి తర్వాత రెండేళ్ల చదువు ఇది. తిరుపతి కేంద్రంగా 2005లో ఏర్పడిన శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం కింద ఈ పాలిటెక్నిక్‌లు నడుస్తాయి. కర్నూలు జిల్లా ఎమ్మిగనూరు దగ్గరి బనవాసిలో ఒకటి ఉంది. కడప జిల్లా ప్రొద్దుటూరులో అదే విశ్వవిద్యాలయం వారి పశువైద్య కళాశాల ఉంది. 1984 నాటి భారత పశువైద్య మండలి చట్టం ప్రకారం డిప్లొమా చేసినవాళ్లు రిజిస్టర్డ్ పశువైద్యుడి పర్యవేక్షణలోనే చిన్న తరహా సేవలు చేయాలి. 2019 అక్టోబరు 2న గ్రామ సచివాలయాలు మొదలై, పశుసంవర్ధక సహాయకుల పోస్టులు వచ్చాక ఈ చదువుకు సొంత జిల్లాలోనే ఉద్యోగం అనే ఆశ తోడైంది.

పదో తరగతి కాగానే చేరేవాళ్లు కాబట్టి ఆసుపత్రిలో శిక్షణకు వచ్చేనాటికి వాళ్లకు పదహారు, పదిహేడేళ్లు ఉంటాయి. ఈ వయసును మరిచిపోయి వాళ్లను ఉద్యోగుల్లా లెక్కగట్టడం దగ్గరే చాలా చిక్కులు మొదలవుతాయి. కొందరు గొర్రెల మందల వెంట పెరిగినవాళ్లు. పశువు నడక చూసి జబ్బు పసిగట్టగలరు గానీ మందు పేరు రాయమంటే తడబడతారు. మరికొందరు ఆదోని, నంద్యాల, కడప వంటి పట్టణాల నుంచి మార్కులను బట్టి సీటు వచ్చి చేరినవాళ్లు. పుస్తకం బాగా చదువుతారు, ఎనుము వెనక్కి జరిగితే భయపడతారు. ఇద్దరికీ ఒకే మందలింపు, ఒకే మెప్పు పనిచేయవు.

ఉత్సాహం ఎక్కడ చచ్చిపోతుంది

పొద్దున ఆసుపత్రి తెరిచేసరికే ట్రెవిస్ (పశువును కదలకుండా నిలిపే చట్రం) ముందు పశువులు బారులు తీరతాయి. డాక్టరు ఒక్కరే. చేయి తిరిగిన సహాయకుడు ఒకరో ఇద్దరో ఉంటారు. పని తొందరగా తెమలాలి కాబట్టి తెలిసినవాళ్లే అన్నీ చేసేస్తారు. విద్యార్థి గోడ పక్కన నిలబడతాడు. గంట తర్వాత అతనికి చెప్పే పనులు టీ తెమ్మనడం, రిజిస్టరులో గీతలు గీయమనడం, సీసాలు కడగమనడం. మూడు రోజులు ఇలా గడిచాక అతను ఫోను చూస్తాడు. వారం దాటాక ఆలస్యంగా వస్తాడు. అప్పుడు "ఈ కాలం పిల్లలకు శ్రద్ధ లేదు" అనే తీర్పు పడుతుంది.

ఈ తీర్పు చాలాసార్లు తప్పు. శ్రద్ధ లేక నిలబడిపోయినవాళ్ల కంటే, ఊరికే నిలబెట్టడం వల్ల శ్రద్ధ పోయినవాళ్లే ఎక్కువ. శిక్షణలో ఆసక్తి ప్రసంగాలతో రాదు. తన చేతి పని మీద ఒక పశువు వైద్యం ఆధారపడి ఉందని తెలిసినప్పుడు వస్తుంది. అందుకే శిక్షకుడు ముందుగా వేసుకోవాల్సిన ప్రశ్న ఒకటే: ఈ రోజు ఈ విద్యార్థి చేయకపోతే ఆగిపోయే పని ఏదైనా ఉందా?

మనస్తత్వ శాస్త్రవేత్త ఆల్బర్ట్ బందూరా 1977లో ప్రతిపాదించిన సిద్ధాంతం ఇక్కడ బాగా పనికివస్తుంది. 'నేను చేయగలను' అనే నమ్మకం మనిషికి ముఖ్యంగా నాలుగు దారుల్లో వస్తుందని ఆయన అన్నాడు. తాను స్వయంగా చేసి నెగ్గడం, తనలాంటివాళ్లు చేయగా చూడడం, ఎదుటివాళ్లు చెప్పే ధైర్యం, పనివేళ తన ఒంట్లో, మనసులో కలిగే స్థితి. వీటిలో అన్నిటికన్నా గట్టిది మొదటిదే. ఆసుపత్రుల్లో శిక్షణ మాత్రం ఎక్కువగా రెండో దారిలోనే, చూడడం మీదే నడుస్తుంది. పైగా విద్యార్థి చూసేది తనలాంటి కుర్రవాణ్ణి కాదు, ఇరవై ఏళ్ల అనుభవం ఉన్న చేతిని. ఆ చేతిని చూస్తే నేర్చుకోవాలనే ఆశ కంటే 'ఇది నాకెప్పుడు వచ్చేను' అనే బెంగే ముందు పుడుతుంది. కిందటి ఏడాది శిక్షణ పూర్తి చేసిన విద్యార్థిని ఒక పూట పిలిపించి కొత్తవాళ్ల ముందు పని చేయించడం ఈ బెంగకు మంచి మందు.

మొదటి వారం: ఒకే పని, పూర్తి బాధ్యత

కొత్త విద్యార్థికి మొదటి రోజే పది పనులు చూపించనక్కర్లేదు. ఒక్క పని పూర్తిగా అప్పగించాలి. అందుకు అన్నిటికన్నా అనువైనది జ్వరం చూడడం. థర్మామీటరును కిందికి విదిలించి, తడిచేసి, పాయువులో పేగు గోడకు ఆనేలా రెండు నిమిషాలు ఉంచి, చూసి, కడిగి పెట్టాలి. పేడ మధ్యలో గుచ్చితే అంకె తప్పు వస్తుంది. ఆవుకు సుమారు 101.5 డిగ్రీల ఫారన్‌హీట్, గొర్రెకు 102 నుంచి 103.5 వరకు మామూలు. మే నెల మధ్యాహ్నం ఎండలో నడిచివచ్చిన పశువుకు జ్వరం లేకున్నా అంకె పెరుగుతుందని, కాసేపు నీడన కట్టి మళ్లీ చూడాలని కర్నూలు, కడప విద్యార్థికి మొదటి వారంలోనే తెలియాలి.

ఈ పని విలువ అది చేసే తీరులో కంటే ఆ తర్వాత జరిగేదానిలో ఉంది. డాక్టరు విద్యార్థి వైపు తిరిగి "ఎంతుంది?" అని అడగాలి. అతను చెప్పిన అంకెను నమ్మి, రైతు వినేలా దాన్ని బట్టే మందు నిర్ణయించాలి. రిజిస్టరులో ఆ అంకెను విద్యార్థి చేతే రాయించాలి. అంకె మీద అనుమానం ఉంటే మరో థర్మామీటరు ఇచ్చి "ఇంకోసారి చూడు నాయనా" అంటే చాలు, థర్మామీటరు లాక్కోకూడదు. నలభై పశువులకు జ్వరం చూసిన విద్యార్థికి నలభై ఒకటో పశువును తాకగానే తేడా తెలుస్తుంది. వైద్యశాలలో తనకంటూ ఒక చోటు ఉందన్న నమ్మకం అతనికి అక్కడ మొదలవుతుంది.

అదే వారంలో విద్యార్థిని పేరుపెట్టి పిలవడం, అతను ఎవరి దగ్గర నేర్చుకోవాలో తేల్చి చెప్పడం జరగాలి. బ్రిటన్‌లో ప్రతి నర్సు విద్యార్థికి క్లినికల్ కోచ్ అని ఒకరిని కేటాయిస్తారు. ఏ పని ఎంత వచ్చిందో చూసి నమోదు చేసే బాధ్యత ఆ కోచ్‌దే. ఇక్కడ కూడా అంత పేరు, హంగు లేకపోయినా ఒక్క మనిషిని నియమించవచ్చు. అందరూ శిక్షకులైన చోట ఎవరూ శిక్షకులు కారు. డాక్టరు ఒకలా, పాత సహాయకుడు ఇంకోలా చెబితే విద్యార్థి ఇద్దరికీ భయపడి ఏదీ చేయడు.

పనిని మెట్లుగా విడదీయడం

కష్టమైన పని ఒక్కసారిగా నెత్తిన పడితే భయం, తేలిక పని నెలల తరబడి సాగితే విసుగు. రెండూ ఆసక్తిని చంపుతాయి. పశువును అదుపు చేయడం ముందు, తర్వాత జ్వరం, గాయాలు, నట్టల మందు, గొర్రెలకు చర్మం కింద వేసే టీకా, ఆ తర్వాత కండరానికి వేసే సూది అనే వరుస చాలామందికి సరిపోతుంది. మందల్లో పెరిగినవాళ్లు మొదటి మెట్టును ఒక్క రోజులో దాటేస్తారు. వాళ్లను అక్కడే పట్టి ఉంచకూడదు. వాళ్ల చేతే పట్టణం పిల్లలకు గొర్రెను పట్టడం నేర్పించాలి. నేర్పినవాడికి గౌరవం దక్కుతుంది, నేర్చుకున్నవాడికి భయం తగ్గుతుంది. సాయంత్రం మందుల మోతాదు లెక్కల దగ్గర పట్టణం పిల్ల ఆ అప్పు తీరుస్తుంది.

నట్టల మందు తాగించడం చిన్న పనిలా కనిపిస్తుంది. నిజానికి ఇందులో నేర్చుకోవాల్సింది చాలా ఉంది. మోతాదు గొర్రె బరువును బట్టి ఉంటుంది. చూసి అంచనా వేసి, తర్వాత కాటాలో తూచి తేడా రాసుకోమంటే విద్యార్థులు పోటీ పడి చేస్తారు. అంచనా తక్కువైతే మందు చాలదు, నట్టలు చావక క్రమంగా ఆ మందుకే లొంగకుండా తయారవుతాయి. తల మరీ పైకెత్తి పోస్తే మందు ఊపిరితిత్తుల్లోకి పోతుంది. కట్టిన మొదటి నెలలో ఉన్న గొర్రెకు ఆల్బెండజోల్ ఇస్తే పిండానికి ప్రమాదం. ఇలాంటి కారణాలు తెలిసినప్పుడు మూడు వందల జీవాలకు మందు పోయడం కూడా వెట్టిచాకిరీలా అనిపించదు. కారణం చెప్పకుండా పోయమంటే మాత్రం అది వెట్టిచాకిరీయే.

ఎద సూది దగ్గర ఓపిక ఎక్కువ కావాలి. మైనస్ 196 డిగ్రీల సెల్సియస్‌లో ద్రవ నత్రజని క్యానులో ఉన్న వీర్యపు స్ట్రాను తీసి, 37 డిగ్రీల నీళ్లలో అర నిమిషం కరిగించి, గన్నులో ఎక్కించి, ఎడమ చేత్తో గర్భాశయ ముఖద్వారాన్ని లోపల పట్టుకుని, కుడి చేత్తో గన్ను దాటించాలి. కంటికి కనిపించని చోట వేళ్లతో వెతికే పని ఇది. మొదట్లో అందరికీ తప్పిపోతుంది. కబేళా నుంచి తెచ్చిన గర్భాశయాల మీద సాధన చేయించాక, చూడి లేదని తేలిన పశువుల్లో డాక్టరు పక్కన ఉండి వెతికించాలి. రైతు పశువుకు సూది వేయించడం ఆ తర్వాతి మాట. ఎనుముల్లో ఎద లక్షణాలు పైకి అంతగా కనిపించవు, ఎండాకాలంలో మరీ తక్కువ. కాబట్టి చూడి కట్టకపోతే తప్పంతా విద్యార్థి చేతిదే కాదని అతనికి ముందే చెప్పాలి.

ఇందులో ఇంకో చిక్కుంది. సూది పట్టిందో లేదో తేలడానికి రెండు మూడు నెలలు పడుతుంది. అప్పటికి శిక్షణ ముగిసి విద్యార్థి వెళ్లిపోయి ఉంటాడు. ఫలితం చూడని పని మీద మనసు నిలవడం కష్టం. దీనికి రెండు ఉపాయాలున్నాయి. మూడు నెలల కిందట వేరేవాళ్లు సూది వేసిన పశువులను చూడి పరీక్షకు రప్పించి, విద్యార్థి చేతికి ఆ గర్భాన్ని అందనివ్వడం ఒకటి. అతను సూది వేసిన పశువుల చెవిపోగు నంబర్లు రాసి ఉంచి, చూడి తేలిన రోజున ఫోనులో ఒక్క మాట చెప్పడం రెండోది. ఈ రెండోదాన్ని పాటించే శిక్షకులు అరుదు. అర నిమిషం పట్టే ఆ ఫోను విద్యార్థికి ఏళ్లపాటు గుర్తుండిపోతుంది.

మంద దగ్గర పాఠం

కర్నూలు, కడప జిల్లాల పశువైద్యంలో గొర్రెలు, మేకలది పెద్ద పాలు. వానలు తక్కువైన ఈ నేలలో పంట పోయినా జీవాలే ఇంటిని నిలబెడతాయి. ఎండాకాలంలో మేపు, నీళ్లు వెతుక్కుంటూ కాపరులు మందలను కర్నూలు-కడప (కె.సి.) కాలువ కింది పొలాల దాకా తోలుకుపోతారు. ఎరువు కోసం రైతులు రాత్రిళ్లు తమ చేలల్లో మందలు కట్టించుకుంటారు. శిక్షణ అంతా ఆసుపత్రి గోడల మధ్యే గడిస్తే విద్యార్థి ఈ లోకాన్ని చూడనే చూడడు. వారానికి ఒక పూటైనా మంద దగ్గరికి తీసుకుపోవాలి.

కాపరికి తెలిసింది విద్యార్థికి తెలియదు. ఏ గొర్రె వెనకబడుతోందో, ఏది నిన్నటి నుంచి నెమరు వేయడం లేదో అతను చూడగానే చెబుతాడు. కోసిన జొన్న మోళ్లకు వచ్చిన పిలకల్లో నాము ఉంటుందని, దాన్ని మేసిన పశువు నిమిషాల్లో పడిపోతుందని రైతు బిడ్డకు చిన్నప్పుడే తెలుసు. అది సైనైడు విషమని, దానికి సోడియం థయోసల్ఫేట్ వంటి విరుగుడు ఉందని చదువు చెబుతుంది. ఇంట్లో విన్నదానికీ పుస్తకంలో చదివినదానికీ లంకె కుదిరిన క్షణం చాలామంది విద్యార్థులకు ఈ చదువు తమదే అనిపించే క్షణం. "మీ నాయన ఏమంటాడు దీన్ని?" అని శిక్షకుడు అడిగితే అలాంటి లంకెలు తరచుగా కుదురుతాయి.

తొలకరి వానలకు లేత పచ్చిక మేసిన గొర్రెలకు చిటుకు రోగం వస్తుంది. రాత్రి బాగున్న బలమైన పిల్లలు తెల్లారేసరికి చచ్చి ఉంటాయి. అలాంటి మందలో పోస్టుమార్టం కన్నా మంచి తరగతి గది లేదు. మూత్రపిండం మెత్తగా, గుజ్జులా చేతికి తగులుతుంది. ఏ పుస్తకంలోని బొమ్మా అంత బాగా చెప్పలేదు. తర్వాత అదే విద్యార్థి చేత ఆ ఊరి మిగతా మందలకు టీకా వేయిస్తే, తాను చూసిన చావుకూ వేస్తున్న సూదికీ సంబంధం అతనికి ఇంకెవరూ చెప్పనక్కర్లేదు. అయితే ఒక నియమం రాయిలా నిలబడాలి. ఉన్నట్టుండి చనిపోయి, ముక్కు, పాయువుల నుంచి గడ్డకట్టని నల్లని రక్తం కారుతున్న పశువును ఎవరూ కోయకూడదు. అది మనుషులకూ అంటే దొమ్మ రోగం (ఆంత్రాక్స్) కావచ్చు. ఆసక్తి రేపాలన్న తొందరలో ఈ జాగ్రత్తను సడలించే శిక్షకుడు విద్యార్థి ప్రాణాన్నే పణంగా పెడుతున్నట్టు.

తప్పు దిద్దే మాట, మెచ్చుకునే మాట

"ఈ పిల్లోడికేం తెలుసు, డాక్టరు సారే ఎయ్యల్ల" అని రైతు అనడం రోజూ జరిగేదే. అప్పుడు సూది లాగేసుకుంటే విద్యార్థి ఆ రోజుకు ముగిసిపోయినట్టే. "నేను పక్కనే ఉంటా పెద్దాయనా, బాగా వేస్తాడు" అని డాక్టరు అంటే రైతుకు భరోసా, విద్యార్థికి ధైర్యం రెండూ అందుతాయి. రైతు మరీ పట్టుబడితే అతని మాటే మన్నించాలి, పశువు అతనిది. ఆ వెంటనే వచ్చే పశువును మాత్రం విద్యార్థికి ఇవ్వాలి.

తప్పును రైతు ముందు ఎత్తిచూపకూడదు. పశువుకు హాని జరిగేలా ఉంటే చేయి పట్టి ఆపాలి, కారణం తర్వాత చెప్పాలి. ఆ చెప్పడం కూడా పని గురించి ఉండాలి, మనిషి గురించి కాదు. "నీకు బుద్ధి లేదు" అంటే దిద్దుకోవడానికి ఏమీ మిగలదు. "సూది ఎక్కించాక పిస్టన్ వెనక్కి లాగి రక్తం వస్తోందేమో చూడలేదు" అంటే రేపు చూస్తాడు. మెప్పుకూ ఇదే లెక్క. "శభాష్" ఒక్క నిమిషం ఉంటుంది. "ఆ గిత్త కుంటుతుంటే గిట్టల మధ్య ముల్లును నువ్వే కనిపెట్టావు" అన్న మాట, ఇంకో కుంటే పశువు వచ్చినప్పుడు కూడా అతనితో ఉంటుంది.

బహుమతులు, మార్కుల ఎర గురించి జాగ్రత్త అవసరం. 1971లో ఎడ్వర్డ్ డెసి అమెరికాలో చేసిన ప్రయోగంలో, పజిళ్లు విప్పినందుకు డబ్బు తీసుకున్న విద్యార్థులు డబ్బు ఆగిపోయాక వాటి జోలికి పోవడం తగ్గించారు. ఇష్టంగా చేసే పనికి బయటి ఎర అలవాటైతే ఇష్టం పలచబడుతుందని దాని సారాంశం. బస్సు చార్జీలు, మధ్యాహ్నం భోజనం వేరు. అవి బహుమతులు కావు, శిక్షణకు కనీస అవసరాలు. పల్లె నుంచి రెండు బస్సులు మారి వచ్చే విద్యార్థి ఖాళీ కడుపుతో నిలబడితే, అతనికి కావాల్సింది స్ఫూర్తి కాదు, అన్నం.

ఒళ్లు, రక్షణ, ఆడపిల్లల మాట

ఎండాకాలంలో మంద పనులు పొద్దున ఆరింటికి మొదలై పదింటికి ముగియాలి. శిక్షణకు ముందే రేబిస్ టీకాలు పూర్తి కావాలి. బ్రూసెల్లా టీకా 4 నుంచి 8 నెలల పెయ్యలకు వేసేది. అందులో ఉన్నది బతికున్న క్రిమి, కాబట్టి గ్లోవ్స్, కళ్లద్దాలు లేని విద్యార్థి దాన్ని ముట్టకూడదు. తన ప్రాణం గురించి పట్టించుకునేవాళ్లు ఉన్నారని తెలిసిన చోటే ఎవరైనా మనసు పెట్టి పనిచేస్తారు.

ఈ చదువులో అమ్మాయిలూ ఉన్నారు. వాళ్ల హాజరు తగ్గితే ముందు చూడాల్సింది వాళ్ల పట్టుదలను కాదు, ఆసుపత్రిలో మరుగుదొడ్డి ఉందో లేదో. పేడ, రక్తం అంటిన బట్టలు మార్చుకునే గది, చీకటి పడకముందే బస్సు అందేలా పనివేళలు ఉండాలి. "నువ్వు రిజిస్టరు చూసుకో తల్లీ" అంటూ వాళ్లను బల్ల దగ్గరికి పరిమితం చేయడం దయలా కనిపించే అన్యాయం. ట్రెవిస్, ముక్కుతాడు, కాలి కట్టు సరిగ్గా వాడితే పశువును అదుపు చేయడానికి కండబలం కంటే నేర్పే ఎక్కువ కావాలి. ఆ నేర్పు వాళ్లకూ సమానంగా చెప్పాల్సిందే.

పశువు చనిపోయిన రోజు

ఎంత చేసినా కొన్ని పశువులు దక్కవు. ఈనలేక, దూడ అడ్డం తిరిగి చనిపోయిన ఆవు పక్కన ఇంటి ఇల్లాలు ఏడుస్తుంటే పదిహేడేళ్ల విద్యార్థికి ఏం చేయాలో తెలియదు. మర్నాడు కొందరు రారు. వాళ్లను పిరికివాళ్లని అనకూడదు. ఆ సాయంత్రమే కూర్చోబెట్టి, పశువు ఆసుపత్రికి ఎప్పుడు వచ్చింది, అప్పటికి పరిస్థితి ఏమిటి, ఏది చేశాం, ఏది ముందే చేసి ఉంటే మారేది అన్నది వరుసగా మాట్లాడాలి. తప్పు జరిగి ఉంటే డాక్టరే ముందు తన వంతు చెప్పాలి. అలా చేసిన చోట విద్యార్థులు తమ పొరపాట్లను దాచరు. పొరపాట్లు దాచే వైద్యశాలలో ఎంత ఆసక్తి ఉన్నా చదువు సాగదు.

వెనకబడిన విద్యార్థి విషయంలో లాగ్‌బుక్ దారి చూపుతుంది. ఏ పని ఎన్నిసార్లు చూశాడు, ఎన్నిసార్లు సాయంతో చేశాడు, ఎన్నిసార్లు ఒంటరిగా చేశాడు అన్న మూడు గడులు చాలు. మొదటి గడి నిండి మూడోది ఖాళీగా ఉంటే లోపం విద్యార్థిది కాదు, అవకాశం ఇవ్వనివాళ్లది. రెండోది నిండినా మూడోది నిండకపోతే భయం ఎక్కడుందో అడిగి తెలుసుకోవాలి. ఈ పుస్తకాన్ని శనివారం శనివారం ఇద్దరూ కలిసి చూడాలి. చివరి రోజున ఒకేసారి సంతకాలు గీకేస్తే అది వట్టి కాగితం.

శిక్షణ చివరి వారంలో ఒక ఊరి నట్టల నివారణ శిబిరాన్ని విద్యార్థుల చేతికే ఇవ్వవచ్చు. ముందు రోజు దండోరా వేయించడం, జీవాల లెక్క తీసుకోవడం, మందు ఎంత కావాలో గుణించడం, ఎవరు పట్టాలో ఎవరు పోయాలో పంచుకోవడం, మిగిలిన మందుకు లెక్క అప్పజెప్పడం వరకు అంతా వాళ్లదే. చట్టం కోరే పర్యవేక్షణ కోసం డాక్టరు అక్కడే ఉంటారు, పిలిస్తేనే లేస్తారు. శిబిరం ముగిశాక లాగ్‌బుక్‌లోని మూడో గడిలో ఆ రోజు తేదీ, ఊరి పేరు, మందు తాగిన జీవాల సంఖ్య విద్యార్థే రాస్తాడు, డాక్టరు దాని కింద సంతకం పెడతారు.